నోటి బెదిరింపు ఎప్పుడు దౌర్జన్యం అవుతుంది?

పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదుల్లో తగాదా ఏదైనా మారని వాక్యం ఒకటుంది: "నన్ను నానా బూతులు తిట్టి, చంపుతానని బెదిరించి, నా మీదకు దౌర్జన్యంగా వచ్చినాడు." పొలం గట్టు గొడవైనా, అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ గొడవైనా, చేబదులుగా ఇచ్చిన డబ్బు తిరిగి అడిగినందుకు రేగిన గొడవైనా ఇదే వాక్యం. కింది కోర్టుల్లో క్రిమినల్ కేసులు నడిపే న్యాయవాదిగా దీన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఇందులో మూడు పనులున్నాయి: తిట్టడం, బెదిరించడం, మీదకు రావడం. పడినవాడికి ఆ మూడూ కలిసి ఒకే అవమానం, ఒకే భయం. చట్టానికి మాత్రం అవి మూడు వేర్వేరు నేరాలు, ఒక్కొక్కదాన్ని రుజువు చేయవలసిన తీరు వేరు. విచిత్రమేమిటంటే, ఫిర్యాదు రాసేవారు తిట్లను అక్షరం పొల్లుపోకుండా రాస్తారు, బెదిరింపును పూసగుచ్చినట్టు రాస్తారు, మీదకు రావడాన్ని మాత్రం ఒక్క ముక్కతో ముగిస్తారు. వకీళ్ళు అసాల్ట్ అనీ, తెలుగులో రాసేటప్పుడు దౌర్జన్యం అనీ పిలిచే నేరం ఉన్నది సరిగ్గా ఆ ఒక్క ముక్కలోనే.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ నేరానికి నిర్వచనం 130వ సెక్షన్. పాత భారత శిక్షాస్మృతిలో (ఐపీసీ) ఇది 351వ సెక్షన్‌గా ఉండేది. అంకె మారింది గానీ సారం మారలేదు. ఒక మనిషి ఏదైనా సైగ చేసినప్పుడు గానీ, ఏదైనా సన్నాహం చేసినప్పుడు గానీ, దాన్ని చూసిన ఎదుటివాడు 'వీడిప్పుడు నా మీద చెయ్యి చేసుకోబోతున్నాడు' అని అనుకోవాలనే ఉద్దేశంతో చేసినా, అలా అనుకునే అవకాశం ఉందని తెలిసి చేసినా, అది దౌర్జన్యం. దెబ్బ తగలనవసరం లేదు, ఒంటి మీద చెయ్యి పడనవసరం కూడా లేదు. దెబ్బ తగిలి నొప్పి పుడితే అది గాయపరచడమనే వేరే నేరం, దానికి 115వ సెక్షన్ ఉంది. నిర్వచనం కిందనే ఒక వివరణ ఉంది, ఈ వ్యాసమంతా దాని చుట్టూనే తిరుగుతుంది: కేవలం మాటలు దౌర్జన్యం కావు, అయితే ఒక మనిషి పలికే మాటలు అతడి సైగకో సన్నాహానికో దౌర్జన్యమనదగిన అర్థాన్ని ఇవ్వగలవు.

అంటే మన దేశంలో నోటి మాట ఒక్కటే, అది ఎంత భయంకరమైనదైనా సరే, అసాల్ట్ కాదు. 'నిన్ను ముక్కలుగా నరికి కాలవలో పారేస్తాను' అని కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని అన్నవాడు వేరే నేరం చేసి ఉండవచ్చు గానీ 130వ సెక్షన్ కిందికి రాడు. 'ఒక్కటిస్తా' అని మాత్రమే అంటూ చెయ్యెత్తి ఒక అడుగు ముందుకు వేసినవాడు దాని కిందికి వస్తాడు. మాటలోని తీవ్రత ఇక్కడ కొలబద్ద కాదు. మరుక్షణంలో దెబ్బ పడుతుందని నమ్మడానికి ఎదుటి మనిషికి కంటి ముందు ఆధారం ఉన్నదా లేదా అన్నదే కొలబద్ద.

చట్టం ఇచ్చిన ఉదాహరణలు మూడు. ఒకడు మరొకడి మీద పిడికిలి ఆడిస్తాడు. ఒకడు కరిచే కుక్క మూతికి కట్టిన తొడుగును విప్పడం మొదలుపెడతాడు. ఒకడు కర్ర చేతిలోకి తీసుకుని 'నిన్ను కొడతాను' అంటాడు. 1837లో మెకాలే కమిషన్ ముసాయిదా తయారు చేసి, 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలైన శిక్షాస్మృతిలోని ఆ కుక్క న్యాయ సంహితలోకి కూడా నడిచి వచ్చింది; ఇన్నేళ్ళుగా దాని మూతి తొడుగు విప్పడం మొదలైనదే గానీ పూర్తి కాలేదు, చట్టానికి కావలసింది కూడా ఆ మొదలుపెట్టడమే. మూడింటిలో చివరిదైన కర్ర ఉదాహరణ అసలైనది. ఆ మాటలు తమంత తాముగా ఎప్పటికీ దౌర్జన్యం కావని, కర్ర తీసుకోవడం కూడా తనంత తానుగా దౌర్జన్యం కాకపోవచ్చని, అయితే ఆ చర్యను ఆ మాటలు వివరించినప్పుడు అది దౌర్జన్యం కావచ్చని చట్టమే అక్కడ విడమరచి చెప్పింది.

దీన్ని మన పొలాల్లోకి తెచ్చి చూద్దాం. పెదనాన్న కొడుకూ, చిన్నాన్న కొడుకూ, మధ్యలో ఒక గట్టు. ఏటా దుక్కిలో ఆ గట్టు ఒకవైపు జానెడు కరిగిపోతుంటుంది. ఒక ఉదయం తమ్ముడు గట్టు మీదకు వస్తాడు, అన్న తన మడిలో పారతో నీటిదారి సరిచేస్తుంటాడు. అన్న నడుం ఎత్తకుండా, పార పని ఆపకుండా, 'ఒరేయ్, ఇంకోసారి ఈ గట్టు మీద కనిపిస్తే నీ కాళ్ళు నరుకుతా' అంటాడు. ఇక్కడ మాట ఉంది, ఆయుధం కాగల వస్తువు చేతిలోనే ఉంది, అయినా దౌర్జన్యం లేదు. ఎందుకంటే పార బురదలో దాని పని అది చేసుకుంటోంది, బెదిరింపు 'ఇంకోసారి' అనే మరో రోజుకు వాయిదా పడింది. ఇప్పుడు దృశ్యాన్ని కొంచెం మార్చండి. తమ్ముడు 'ఏం అన్నా, గట్టంతా నీదేనా' అనగానే అన్న పారను బురదలోంచి లాగి, కర్రను రెండు చేతులతో పట్టుకుని, గట్టు వైపు రెండడుగులు వేసి, 'దిగుతావా, నరకమంటావా' అంటాడు. అదే పార, అదే మనిషి, అంతకంటే చిన్న మాట. కానీ పార నేలలోంచి గాల్లోకి లేచింది, పాదాలు దిశ మార్చుకున్నాయి, గడువు ఈ క్షణానికి కుదించుకుపోయింది. ఇది దౌర్జన్యం. ఒకవేళ అన్న నోరు మెదపకుండా పార ఎత్తి గట్టు వైపు నడిచి ఉంటే? గట్టుకు గండి పడిందని పూడ్చడానికి వస్తున్నానని కోర్టులో చెప్పవచ్చు, ఆ మాటను కొట్టిపారేయడం కూడా కష్టమే. చర్య రెండు అర్థాలకు తావిచ్చినప్పుడు, ఏ అర్థమో తేల్చేది మాటే. మాటకు చట్టం ఇచ్చిన స్థానం ఇదే: అది నేరం కాదు, నేరానికి సాక్ష్యం.

'దిగకపోతే' అన్న షరతు ఉంది కదా, దిగిపోతే కొట్టడు కదా అని ముద్దాయి తరఫున ఒక వాదన తప్పకుండా వస్తుంది. ఈ వాదనకు 1853 నాటి రీడ్ వర్సెస్ కోకర్ అనే ఇంగ్లండ్ తీర్పు మంచి సమాధానం. ఒకడిని ఆవరణలోంచి బయటకు పొమ్మని యజమాని చెబితే అతడు పోలేదు. యజమాని పిలిచిన పనివాళ్ళు అతడి చుట్టూ చేరి, చొక్కా చేతులూ ముందు కట్టుకున్న గుడ్డలూ పైకి మడిచి, వెళ్ళకపోతే మెడ విరుస్తామన్నారు. ఎవరూ అతడిని ముట్టుకోలేదు, అయినా కోర్టు దాన్ని అసాల్ట్ అన్నది. చొక్కా చేతులు మడవడం ఎంత చిన్న పనో చూడండి. మన సెక్షన్‌లోని 'సన్నాహం' అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. షరతు పెట్టినవాడికి ఆ షరతు పెట్టే హక్కు లేనప్పుడు, ఎదుటివాడు లొంగితే తప్ప దెబ్బ తప్పదన్న పరిస్థితి కళ్ళముందు ఉన్నప్పుడు, షరతు అతడిని కాపాడకూడదనే నా అభిప్రాయం కూడా.

మాట చర్యను నేరంగా మార్చినట్టే, నేరం కాబోయే చర్యను మాటే చల్లార్చగలదు. 1669 నాటి టర్బర్‌విల్ వర్సెస్ సావేజ్ కేసును న్యాయశాస్త్ర విద్యార్థులందరూ చదువుతారు. ఒకడు కత్తి పిడి మీద చెయ్యి వేసి, 'ఇప్పుడు ఊళ్ళో జడ్జీలు కోర్టు పెట్టి ఉండకపోతే నీ మాటలు ఇలా పడేవాడిని కాను' అన్నాడు. జడ్జీలు ఊళ్ళోనే ఉన్నారు. అంటే కొట్టనని అతడే చెప్పినట్టయింది, కాబట్టి కత్తి పిడి మీది చెయ్యి దౌర్జన్యం కాలేదు. ఈ తర్కం మన ఊళ్ళలో రోజూ వినిపిస్తుంది. 'పెద్దాయన ముఖం చూసి ఊరుకుంటున్నా, లేకపోతే ఈపాటికి నీ పళ్ళు రాలేవి' అనేవాడు పిడికిలి బిగించే అంటాడు, అయినా ఆ పెద్దాయన అక్కడ నిలబడి ఉన్నంతసేపూ అది దౌర్జన్యం కిందికి రావడం కష్టం. ఆ పెద్దాయన లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాక కూడా పిడికిలి దిగకుండా వాడు ముందుకు వచ్చాడా అన్నది వేరే ప్రశ్న, సాక్షిని ఆ ప్రశ్న అడగకుండా వదిలేసే వకీళ్ళు తమ కేసును తామే పాడు చేసుకుంటారు.

ఇక దూరం. చేతికి అందేంత దగ్గరలో లేడు కాబట్టి అసాల్ట్ కాదన్న వాదనకు 1830 నాటి స్టీఫెన్స్ వర్సెస్ మయర్స్ సమాధానం. ఒక చర్చి పారిష్ సమావేశంలో బల్లకు ఒక చివర అధ్యక్షుడు, మధ్యలో ఆరేడుగురు మనుషుల అవతల ప్రతివాది కూర్చున్నారు. అల్లరి చేస్తున్నందుకు ప్రతివాదిని బయటకు పంపాలని సమావేశం తీర్మానిస్తే, అతడు 'నేను పోవడం కాదు, నిన్నే కుర్చీలోంచి లాగేస్తాను' అంటూ పిడికిలి బిగించి అధ్యక్షుడి వైపు నడిచాడు. అధ్యక్షుడి పక్కన కూర్చున్నవాడు అడ్డుపడి ఆపాడు. ఆపిన చోటు నుంచి కొట్టినా దెబ్బ తగిలేది కాదు. అయినా అది అసాల్టేనని తేలింది, పరిహారం మాత్రం ఒక్క షిల్లింగ్. మధ్యలో ఎవరో పట్టుకుని ఆపారన్న కారణంతో నేరం లేకుండా పోదు. మన ఫిర్యాదుల్లో 'అక్కడున్నవారు అడ్డుకొనగా' అని రాస్తారు గానీ, అడ్డుకునే సమయానికి వాడు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వచ్చాడో, చెయ్యి ఏ స్థితిలో ఉందో రాయరు.

130వ సెక్షన్‌లో సులువుగా జారిపోయే మరో మాట 'అక్కడ ఉన్న' మనిషి. భయపడేవాడు ఆ చోటున ఉండాలి, భయం తన ఒంటి గురించే అయి ఉండాలి. తల్లి ముందు నిలబడి కర్ర ఊపుతూ 'నీ కొడుకు కనపడితే తల పగలగొడతా' అంటే, కొడుకు ఊళ్ళో లేనప్పుడు కొడుకు మీద దౌర్జన్యం జరగలేదు. ఆ కర్ర తనకే తగులుతుందని తల్లి భయపడిందా అన్నది వేరుగా చూడాలి. ఫోన్లో వచ్చే బెదిరింపు కూడా ఇందుకే మన దేశంలో అసాల్ట్ కాదు. ఇంగ్లండ్ ఈ విషయంలో దారి మార్చింది. 1823లో అక్కడి జడ్జి ఒకరు మాటలు గానీ, పాట గానీ అసాల్ట్‌కు సమానం కావన్నారు. 1997లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్, రాత్రిళ్ళు ముగ్గురు స్త్రీలకు పదేపదే ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఊరుకున్న వ్యక్తి కేసులో, మౌనంతో కూడా అసాల్ట్ చేయవచ్చని తేల్చింది. ఫోన్ చేసినవాడు నిమిషమో రెండు నిమిషాల్లోనో గుమ్మం ముందుకు రావచ్చని ఆమె భయపడితే, అది మరుక్షణపు భయమే కదా అన్నది అందులోని ఆలోచన. ఆ ఆలోచన నాకు నచ్చుతుంది. కానీ మన సెక్షన్ కింద ఉన్న వివరణను దాటి దాన్ని ఇక్కడికి తేవడానికి కోర్టులకు వీల్లేదు. ఇంగ్లండ్‌లో ఇది తీర్పుల ద్వారా పెరిగిన న్యాయం, మన దగ్గర పార్లమెంటు అక్షరాల్లో కట్టేసిన నిర్వచనం. 2023లో చట్టాన్ని తిరగరాసినప్పుడు కూడా ఆ వివరణను కదిలించలేదు.

అమెరికాలోని డాలస్ వైపు మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి టెక్సస్ సంగతి కూడా చెప్పాలి. అక్కడి శిక్షాస్మృతి 22.01 సెక్షన్ ప్రకారం, వెంటనే ఒంటికి హాని చేస్తానని కావాలని బెదిరించడమే ఒక రకం అసాల్ట్, ఆ బెదిరింపు జీవిత భాగస్వామికి చేసినదైనా సరే అని సెక్షనే చెబుతుంది. మామూలుగా అది క్లాస్ సి నేరం, జైలు ఉండదు, 500 డాలర్ల దాకా జరిమానా. 'ఇంట్లో ఏదో కోపంలో అన్నాను, చెయ్యి ఎత్తలేదు' అన్న సమాధానం మన కోర్టులో 130వ సెక్షన్‌కు సమాధానం కావచ్చు, అక్కడ కాకపోవచ్చు. ఇక్కడి అలవాటుతో అక్కడి పోలీసులకు వాంగ్మూలం ఇవ్వకుండా ముందుగా అక్కడి వకీలుతో మాట్లాడటం మంచిది.

మరి మన దగ్గర చెయ్యి లేవని బెదిరింపుకు దిక్కేమిటి? దానికి 351వ సెక్షన్ ఉంది, నేరపూరిత బెదిరింపు. పాత చట్టంలో 351 అంటే అసాల్ట్, కొత్త చట్టంలో 351 అంటే బెదిరింపు. ఇంతకంటే అయోమయం పెట్టే మార్పును కావాలని వెతికినా దొరకదు. ఒంటికి గానీ, పరువుకు గానీ, ఆస్తికి గానీ హాని చేస్తానని ఏ మార్గంలోనైనా బెదిరించి, ఎదుటివాడిని హడలగొట్టాలని గానీ, చేయనక్కర లేని పని చేయించాలని గానీ, చేయదగిన పని మాన్పించాలని గానీ ఉద్దేశిస్తే ఈ నేరం పూర్తవుతుంది. 'ఏ మార్గంలోనైనా' అన్న మాట కొత్తగా చేరింది. వాట్సాప్ వాయిస్ మెసేజ్ గురించి ఇప్పుడు వాదించవలసిన పని లేదు. సైగ అక్కర లేదు, ఎదురుగా ఉండనక్కర లేదు, వెంటనే జరుగుతుందన్న భయం కూడా అక్కర లేదు. మామూలు బెదిరింపుకు రెండేళ్ళ దాకా, చంపుతాననో, తీవ్రంగా గాయపరుస్తాననో, ఆస్తిని తగలబెడతాననో బెదిరిస్తే ఏడేళ్ళ దాకా జైలు. దౌర్జన్యానికి 131వ సెక్షన్ వేసే శిక్ష గరిష్ఠంగా మూడు నెలలూ, వెయ్యి రూపాయల జరిమానా మాత్రమే. అసాల్ట్ పెట్టించాలని పట్టుబట్టే కక్షిదారుకు నేను మొదట చెప్పేది ఇదే: మీకు జరిగినది బెదిరింపు అయితే, మీరు వదులుకుంటున్నది పెద్ద నేరాన్ని.

అయితే బెదిరింపు నేరం కూడా నోరు జారిన ప్రతివాడికీ తగిలేది కాదు. 1960లో సుప్రీం కోర్టు ముందుకు వచ్చిన కేసులో ముద్దాయి ఒక అమ్మాయి తండ్రికి ఉత్తరం రాసి, ఆమె నగ్న ఛాయాచిత్రాలను బయటపెడతానని, పెట్టకుండా ఉండాలంటే డబ్బు ఇవ్వాలని బెదిరించాడు. ఉద్దేశం పట్టపగలంత స్పష్టం, శిక్ష నిలబడింది. దీనికి భిన్నంగా 2015లో, బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో ఒక అధికారి ప్రవర్తన మీద విమర్శలు రాసిన దంపతుల మీద పెట్టిన కేసును కొట్టివేస్తూ, హడలగొట్టాలన్న ఉద్దేశం లేకుండా కేవలం మాటలు అనడం బెదిరింపు నేరానికి చాలదని సుప్రీం కోర్టు చెప్పింది. మన 'అంతు చూస్తా', 'నీ సంగతి తేలుస్తా', 'ఊళ్ళో ఎలా తిరుగుతావో చూస్తా' అన్నవి ఇక్కడే ఇబ్బంది పెడతాయి. వీటిలో హాని ఏమిటో చెప్పలేదు. 'అంతు చూస్తా' అన్నవాడు మర్నాడు వెళ్ళి సివిల్ దావా వేసి ఊరుకోవచ్చు. దావా వేస్తానని, పోలీసులకు చెబుతానని అనడం చట్టవిరుద్ధమైన హాని కాదు. అదే మాటను, నిరుడు ఒకరి గడ్డివాము తగలబెట్టిన కేసులో ముద్దాయిగా ఉన్నవాడు, అర్ధరాత్రి మీ వాము పక్కన నిలబడి అంటే దాని బరువు వేరు. కోర్టు ఆ బరువును చూడాలంటే ఫిర్యాదులో ఆ వామూ, ఆ వేళా, ఆ పాత కేసూ కనబడాలి.

మాటకూ దౌర్జన్యానికీ మధ్య గీత ఎంత ముఖ్యమో ప్రభుత్వ కార్యాలయాల కేసుల్లో బాగా తెలుస్తుంది. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిని అడ్డుకోవడానికి దౌర్జన్యం గానీ, బలప్రయోగం గానీ చేస్తే 132వ సెక్షన్, పాత లెక్కలో 353. రెండేళ్ళ దాకా జైలు, పోలీసులు నేరుగా అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా రాదు. ఆఫీసులో గట్టిగా నిలదీసిన మనిషి మీద 'విధులకు ఆటంకం' కేసు పెట్టారని మన పత్రికల జిల్లా పేజీల్లో తరచూ వచ్చేది దీని గురించే. ఈ సెక్షన్‌కు ప్రాణం దౌర్జన్యం లేదా బలప్రయోగం. అరవడం కాదు, వాదించడం కాదు. బెంగళూరులో ఒక ట్రిబ్యునల్ కార్యాలయానికి రికార్డులు చూసేందుకు వెళ్ళినవాడు సిబ్బంది మీద అరిచి బెదిరించాడని పెట్టిన 353 కేసును 2025లో సుప్రీం కోర్టు కొట్టివేస్తూ, అరవడం, బెదిరించడం తమంత తాముగా అసాల్ట్ కావని స్పష్టంగా చెప్పింది. నూట అరవై ఏళ్ళుగా సెక్షన్ కిందనే అచ్చై ఉన్న వివరణను చెప్పడానికి సుప్రీం కోర్టు దాకా వెళ్ళవలసి రావడం నాకు బాధ కలిగించే సంగతే. అంతకాలం ఒక మనిషి బెయిళ్ళ కోసం, వాయిదాల కోసం తిరిగాడు.

కొన్ని చోట్ల మాటే నేరం అన్నది మరచిపోకూడదు. షెడ్యూల్డ్ కులాలు, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989 కింద, నలుగురికీ కనబడే చోట కులం పేరుతో దూషించడానికి చెయ్యి ఎత్తవలసిన పని లేదు. స్త్రీ మర్యాదను అవమానించే మాటకు న్యాయ సంహిత 79వ సెక్షన్ కూడా అంతే.

స్టేషన్‌లో జరిగేది కూడా తెలుసుకోవాలి. దౌర్జన్యమూ, బెదిరింపూ రెండూ, నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత మొదటి షెడ్యూలులో నాన్ కాగ్నిజబుల్ నేరాలు. అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. 174వ సెక్షన్ ప్రకారం డైరీలో నమోదు చేసి మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళమనాలి. ఫిర్యాదు రాసుకునే స్టేషన్ రైటర్ మిమ్మల్ని మొదట 'దారి అడ్డగించాడా?' అని ఎందుకు అడుగుతాడో ఇప్పుడు అర్థమవుతుంది. అక్రమంగా అడ్డగించడం కాగ్నిజబుల్. ఒకే సంఘటనలో ఒక్క కాగ్నిజబుల్ నేరం ఉన్నా మిగిలినవన్నీ దానితో కలిసి దర్యాప్తుకు వస్తాయి. అడ్డగించి ఉంటే చెప్పండి. లేకపోతే ఎఫ్ఐఆర్ కోసం దాన్ని కల్పించకండి. ఎవరో ఒక సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లో 'దారి ఖాళీగానే ఉందండీ' అనేస్తాడు, దానితో పాటు నిజంగా జరిగిన పార సంగతి కూడా అబద్ధమైపోతుంది. కేసు కంటే ప్రశాంతత కావాలనుకునేవారికి అదే సంహిత 126వ సెక్షన్ కింద బైండోవర్ ఉంది. తహసీల్దార్ ముందు హాజరుపరచి, ఏడాది దాకా గొడవ చేయనని పూచీకత్తు రాయించుకుంటారు. గట్టు తగాదాల్లో నేను చాలామందికి సలహా ఇచ్చేది దీన్నే.

ఫిర్యాదు మీరే రాసుకునేటట్టయితే, వాడన్న మాటను యథాతథంగా రాసిన తర్వాత ఆ మాట అంటున్నప్పుడు వాడి చేతులు ఏం చేస్తున్నాయో రాయండి. చేతిలో ఏముంది, అది ఎక్కడి నుంచి తీశాడు, మీకూ వాడికీ మధ్య ఎన్ని అడుగులు, మధ్యలో గోడో బల్లో మనుషులో ఉన్నారా, వాడు కదిలాడా, కదిలితే ఎటు, మీరు వెనక్కి తగ్గారా, ఎవరు ఎక్కడ పట్టుకుని ఆపారు. ఈ అరపేజీ ఉంటే 130వ సెక్షన్ నిలబడుతుంది. ఇది లేకుండా బూతులతో నాలుగు పేజీలు నింపినా నిలబడదు.

చివరగా, ఇదే విషయం ఆత్మరక్షణ దగ్గర మళ్ళీ ఎదురవుతుంది. దెబ్బ తగిలేదాకా ఆగాలని చట్టం ఎవరికీ చెప్పలేదు. ఒంటికి ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయం, నేరం చేయబోవడం వల్ల గానీ, చేస్తానని బెదిరించడం వల్ల గానీ కలిగిన క్షణం నుంచే ఆత్మరక్షణ హక్కు మొదలవుతుందని న్యాయ సంహిత 40వ సెక్షన్ చెబుతుంది. పార గాల్లోకి లేచి తన వైపు వస్తుంటే తమ్ముడు చేతిలో ఉన్న కర్రతో దాన్ని పక్కకు కొట్టవచ్చు, ఆ ఊపులో అన్న చేతికి దెబ్బ తగిలితే అది నేరం కాదు. అయితే ఆ హక్కు భయం ఉన్నంతసేపే, అవసరమైనంత మేరకే. అన్న పార కింద పడేసి ఇంటి దారి పట్టాక వెంటపడి వీపు మీద ఒక్కటి వేస్తే, అంతదాకా ఫిర్యాదుదారుగా ఉన్న తమ్ముడు 115వ సెక్షన్ కింద ముద్దాయి అవుతాడు.